గోల్ఫ్‌లో పీజీఏ ఛాంపియన్‌షిప్ మ్యాచ్ ప్లే కాలం: ఫలితాలు ఎలా చదవాలి, 1958లో ఎందుకు మార్చారు, క్లబ్బులో నాకౌట్ ఎలా నడపాలి

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. పాత పీజీఏ ఛాంపియన్‌షిప్ విజేతల పట్టికలో "8 అండ్ 7", "1 అప్", "38 హోల్స్" అని ఉంటే వాటిని ఎలా అర్థం చేసుకోవాలి? అంత పెద్ద టోర్నమెంట్ మ్యాచ్ ప్లేను ఎందుకు వదిలేసింది? ఆ పద్ధతిలోనే మీ క్లబ్బులో 21 మందితో నాకౌట్ పెట్టాలంటే ఏం చూసుకోవాలి? మొదటిది తెలిస్తే మిగతా రెండూ తేలికవుతాయి కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

మ్యాచ్ ప్లేలో మొత్తం స్ట్రోకులు (బంతిని కొట్టిన దెబ్బలు) లెక్కలోకి రావు. ఒక్కో హోల్, అంటే మొదటి దెబ్బ కొట్టే 'టీ' నుంచి బంతి గుంటలో పడేదాకా, ఒక్కో పందెం. ఆ హోల్‌లో తక్కువ స్ట్రోకులు తీసుకున్నవాడిది హోల్, సమానమైతే ఎవరికీ లేదు. నాలుగు స్ట్రోకుల్లో ముగించాల్సిన హోల్‌లో మీరు తొమ్మిది కొట్టినా పోయేది ఒక్క హోలే. తర్వాతి టీ దగ్గర అంతా కొత్తగా మొదలవుతుంది. మిగిలిన హోల్స్ కన్నా ఆధిక్యం ఎక్కువైన క్షణంలో మ్యాచ్ అయిపోతుంది. "8 అండ్ 7" అంటే ఎనిమిది హోల్స్ ముందున్నాడు, ఇంకా ఏడు మాత్రమే మిగిలాయి అని అర్థం. 36 హోల్స్ మ్యాచ్‌లో అది 29వ హోల్ దగ్గర ముగిసిందన్నమాట. "1 అప్", "2 అప్" అంటే చివరి హోల్ దాకా వెళ్లి తేలింది. "38 హోల్స్" అని ఉంటే 36 అయ్యాక సమానంగా ఉండి, మళ్లీ మొదటి టీకి వెళ్లి, అదనంగా ఆడిన రెండో హోల్‌లో తేలిందని.

పాత పత్రికల నుంచి ఫలితాలు ఎత్తి రాసుకునేవారికి ఒక తనిఖీ పనికొస్తుంది. రెండు అంకెల మధ్య తేడా ఎప్పుడూ 1 లేదా 2 మాత్రమే ఉండాలి. 2 అండ్ 1, 3 అండ్ 1, 6 అండ్ 4 సాధ్యమే. 4 అండ్ 1 అసాధ్యం, ఎందుకంటే ఆ మ్యాచ్ అంతకు ముందు హోల్‌లోనే అయిపోయి ఉండాలి. 18 హోల్స్‌లో అతి పెద్ద గెలుపు 10 అండ్ 8. అంతకు మించి కనిపిస్తే అది 36 హోల్స్ మ్యాచ్ అయినా అయి ఉండాలి, అచ్చుతప్పైనా అయి ఉండాలి.

ఇక ఆ టోర్నమెంట్ సంగతి. అమెరికా పీజీఏ, అంటే ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘం, 1916 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో ఏర్పడింది. డిపార్ట్‌మెంట్ స్టోర్ల యజమాని రాడ్‌మన్ వానమేకర్ ప్రోత్సాహంతో అదే ఏడాది అక్టోబరులో బ్రాంక్స్‌విల్‌లోని సివనాయ్ కంట్రీ క్లబ్బులో మొదటి ఛాంపియన్‌షిప్ జరిగింది. 32 మంది ఆటగాళ్లు, ప్రతి మ్యాచ్ 36 హోల్స్. ఫైనల్లో జిమ్ బార్న్స్, జాక్ హచిసన్ 36వ హోల్ దాకా సమానంగా వచ్చారు. ఆ గ్రీన్ (గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) మీద ఇద్దరి బంతులూ కప్పుకు, అంటే గుంటకు, సుమారు ఐదడుగుల దూరంలో ఆగాయి. ఎవరు ముందు పట్ చేయాలన్నది, అంటే బంతిని గుంటలోకి దొర్లించాలన్నది, కంటికి తేలలేదు, కొలిచి చూడాల్సి వచ్చింది. హచిసన్ బంతి కాస్త దూరంగా ఉందని తేలింది. అతను ముందు ఆడి తప్పాడు, బార్న్స్ వేశాడు, 1 అప్. మ్యాచ్ ప్లేలో ఎవరి వంతు ముందు అన్నది ఎంత బరువైన సంగతో ఈ ఒక్క గ్రీన్ చెబుతుంది. ఎదుటివాడు తప్పాక మీరు పట్ చేయడం వేరు, అతను వేశాక మీరు వేసి తీరాల్సిన స్థితిలో చేయడం వేరు.

1917, 1918లో మొదటి ప్రపంచ యుద్ధం వల్ల, 1943లో రెండోదాని వల్ల జరగలేదు. మిగతా అన్నేళ్లూ 1957 వరకు మ్యాచ్ ప్లేనే. ఫార్మాట్ మాత్రం ఏటా ఒకేలా లేదు. కొన్నేళ్లు 32 మంది, కొన్నేళ్లు 64 మంది. 1930ల చివర్లో నడిచిన పద్ధతిలో ముందు 36 హోల్స్ స్ట్రోక్ ప్లే (మొత్తం స్ట్రోకులు లెక్కించే పద్ధతి) క్వాలిఫైయింగ్, అందులోంచి 64 మంది డ్రాలోకి, అంటే నాకౌట్ జతల పట్టికలోకి, మొదటి రెండు రౌండ్లు 18 హోల్స్ చొప్పున, అక్కడి నుంచి ఫైనల్ దాకా నాలుగు మ్యాచ్‌లు 36 హోల్స్ చొప్పున. అన్నీ చివరి దాకా సాగితే విజేత ఆడేది 216 హోల్స్, అంటే మామూలు టోర్నమెంటుకు మూడు రెట్లు. అదీ రోజు విడిచి రోజు కాదు, వరుస రోజుల్లో పొద్దున 18, మధ్యాహ్నం 18. ఈ లెక్క గుర్తుంచుకోండి, రెండో ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

36 హోల్స్ ఎందుకు పెట్టుకున్నారంటే, మ్యాచ్ చిన్నదయ్యేకొద్దీ అదృష్టం పాలు పెరుగుతుంది. 18 హోల్స్‌లో ఎవడైనా నాలుగు పొడవాటి పట్‌లు వేసి మేటి ఆటగాణ్ణి ఇంటికి పంపగలడు. 36లో ఆ పట్‌లు ఆగే సమయం వస్తుంది. 1946లో పోర్ట్‌లాండ్ ఫైనల్ చూడండి: పొద్దున 18 అయ్యేసరికి ఎడ్ ఆలివర్ 3 అప్. అది 18 హోల్స్ మ్యాచ్ అయితే బెన్ హోగన్ పేరు ఆ ఏడాది పట్టికలో ఉండేదే కాదు. భోజనం తర్వాత హోగన్ 6 అండ్ 4తో గెలిచాడు. అంతకు ముందు సెమీఫైనల్లో తన మిత్రుడు, ఇద్దరేసి జట్లుగా ఆడే ఫోర్‌బాల్‌లో తన జోడీ జిమ్మీ డెమరెట్‌ను 10 అండ్ 9తో, అంటే 27వ హోల్ దగ్గరే ముగించాడు.

అయినా 36 హోల్స్ కూడా అదృష్టాన్ని పూర్తిగా తీసేయదు. లెక్క వేసి చూడండి. ప్రతి మ్యాచ్‌లోనూ గెలిచే అవకాశం నూటికి 75 ఉన్న ఆటగాడు 64 మంది డ్రాలో వరుసగా ఆరు గెలవాలి. 0.75ను ఆరుసార్లు గుణిస్తే వచ్చేది సుమారు 0.18. అంటే ఐదారేళ్లకొక టైటిల్. ఇది చూశాకే వాల్టర్ హేగన్ ఏం సాధించాడో తెలుస్తుంది. 1921లో గెలిచాడు, తర్వాత 1924 నుంచి 1927 వరకు వరుసగా నాలుగేళ్లు గెలిచాడు. ఏటా ఐదు మ్యాచ్‌ల చొప్పున ఇరవై, 1928లో మరో రెండు, మొత్తం 22 మ్యాచ్‌లు ఓటమి లేకుండా. మ్యాచ్‌కు నూటికి 90 అవకాశం ఉన్నవాడికి కూడా ఇది పదింట ఒకసారి మాత్రమే జరిగే పని. 1928లో బాల్టిమోర్‌లో క్వార్టర్ ఫైనల్లో లియో డీగెల్ 2 అండ్ 1తో ఆపాడు. ఈ డీగెలే 1925 క్వార్టర్ ఫైనల్లో 40 హోల్స్ పోరాడి, 1926 ఫైనల్లో 5 అండ్ 3తో హేగన్ చేతిలో ఓడినవాడు. ఆ ఏడాది కప్పు డీగెల్‌దే అయింది, కానీ చేతికివ్వడానికి కప్పు లేదు. దాన్ని హోటలుకు చేర్చమని ట్యాక్సీ డ్రైవర్‌కు అప్పగించి హేగన్ పోగొట్టుకున్నాడు. 28 అంగుళాల ఎత్తు, 27 పౌండ్ల బరువున్న వానమేకర్ ట్రోఫీ అది. కొన్నేళ్లకు డెట్రాయిట్‌లో హేగన్ క్లబ్బులు తయారుచేసే కంపెనీ నేలమాళిగలో, పేరు రాయని పెట్టెలో దొరికింది.

హేగన్‌ను ఫైనల్లో ఓడించింది ఒక్క జీన్ సారజెన్. 1923, పెల్హామ్. మ్యాచ్ ప్లేలో అప్పటివరకు జరిగినదేదీ లెక్కలోకి రాదన్న మాటకు అంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలీదు. 36 అయ్యేసరికి సమానం. 38వ హోల్‌లో సారజెన్ డ్రైవ్ ఎడమకు వంకరపోయింది, అవుట్ ఆఫ్ బౌండ్స్ హద్దుకు దగ్గరగా దట్టమైన గడ్డిలో పడింది. హేగన్ డ్రైవ్ బాగుంది. స్ట్రోక్ ప్లేలో అయితే ఆ స్థితిలో ఆటగాడు నష్టం తగ్గించుకునే షాట్ ఆడతాడు. ఇక్కడ పోతే ఆ హోల్‌తో పాటు మ్యాచే పోతుంది కాబట్టి దాచుకోవడానికి ఏమీ లేదు. సారజెన్ ఆ గడ్డిలోంచే కొట్టి కప్పుకు రెండడుగుల దూరంలో పెట్టాడు. ఇప్పుడు ఒత్తిడంతా హేగన్ మీద. అతని షాట్ బంకర్లో (ఇసుక గుంటలో) పడింది. అక్కడి నుంచి దాదాపు కప్పులోకే వేశాడు గానీ సరిపోలేదు. సారజెన్‌కు అప్పటికి 21 ఏళ్లు.

పొడవుగా కొట్టేవాడిదే గెలుపు అనుకునేవారు 1938 షానీ ఫైనల్ చూడాలి. "8 అండ్ 7" అన్నారే, అది ఇదే. ఈ టోర్నమెంట్ ఫైనల్స్‌లో అతి పెద్ద తేడా. ఒకవైపు శామ్ స్నీడ్, ఆ కాలంలో బంతిని అందరికన్నా దూరం పంపేవాళ్లలో ఒకడు. మరోవైపు పాల్ రన్యన్, పొట్టి మనిషి, డ్రైవ్‌లో స్నీడ్‌కు బాగా వెనక. అయితే వెనక పడినవాడే ముందు ఆడతాడు. స్నీడ్ చేతిలో ఐరన్ కర్ర పట్టుకుని నిలబడి ఉండగా రన్యన్ దూరం కొట్టే ఫెయిర్‌వే వుడ్ కర్రతో ముందే గ్రీన్ మీద పెట్టేస్తున్నాడు. గ్రీన్ చుట్టుపక్కల చిప్పింగ్, పటింగ్ రన్యన్‌వి అసాధారణమైనవి. వెనక నుంచి ముందుగా దగ్గర పెట్టడమన్నది మ్యాచ్ ప్లేలో పెద్ద ఆయుధం. స్ట్రోక్ ప్లేలో దానికి ఇంత విలువ లేదు.

పార్ (ఒక హోల్‌కు నిర్ణయించిన స్ట్రోకుల అంకె) లెక్కల విషయంలో ఒక జాగ్రత్త. 1945లో డేటన్‌లోని మొరెయిన్‌లో బైరన్ నెల్సన్ గెలిచినప్పుడు 204 హోల్స్‌లో పార్‌కు 37 తక్కువ అని రాస్తారు. అతను వరుసగా 11 టోర్నమెంట్లు గెలిచిన పరంపరలో ఇదొకటి. ఆ అంకెలో ఎదుటివారు వదిలేసిన (కొట్టకుండానే పడినట్టు ఒప్పుకున్న) పట్‌లు వేసినట్టే లెక్క కట్టి ఉంటారు కాబట్టి స్ట్రోక్ ప్లే స్కోరుతో పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. పోటీ తీవ్రత తెలుసుకోవాలంటే అదే టోర్నమెంట్ రెండో రౌండ్ చూడండి. మైక్ టర్నేసా మీద నెల్సన్ నాలుగు హోల్స్ మిగిలి ఉండగా 2 డౌన్, అంటే రెండు హోల్స్ వెనక. అక్కడి నుంచి బర్డీ (పార్‌కు ఒకటి తక్కువ), బర్డీ, ఈగిల్ (రెండు తక్కువ), పార్. 1 అప్. టర్నేసా పార్‌కు ఏడు తక్కువ ఆడి ఇంటికెళ్లాడు.

ఇప్పుడు రెండో ప్రశ్న. 1957లో డేటన్‌లోని మయామీ వ్యాలీలో లయనెల్ హెబర్ట్ 2 అండ్ 1తో డౌ ఫిన్‌స్టర్‌వాల్డ్‌ను ఓడించడంతో మ్యాచ్ ప్లే ముగిసింది. 1958లో లానర్క్‌లో 72 హోల్స్ స్ట్రోక్ ప్లే, గెలిచింది ఆ ఫిన్‌స్టర్‌వాల్డే. టెలివిజన్ వల్లే మారిందని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది నిజమే, కానీ సగమే. టీవీకి చివరి రోజు ఎవరు ఆడతారో ముందే తెలియకపోవడం ఇబ్బంది, మ్యాచ్ ఎప్పుడు ముగుస్తుందో తెలియకపోవడం ఇంకా పెద్ద ఇబ్బంది. 29వ హోల్ దగ్గర అయిపోతే మిగతా సమయం ఏం చూపిస్తారు? టికెట్ల సంగతీ అంతే. పేరున్నవాళ్లు మొదటి రెండు రోజుల్లో 18 హోల్స్ మ్యాచ్‌లలో ఓడిపోతే, చివరి రోజు కోర్సు మొత్తం మీద ఇద్దరే ఇద్దరు. ప్రేక్షకులంతా ఒకే ఫెయిర్‌వే వెంట నడవాలి.

నా దృష్టిలో అసలు దెబ్బ శరీరం మీద, క్యాలెండర్ మీద పడింది. హోగన్ 1948లో సెయింట్ లూయిస్‌లో మైక్ టర్నేసాను 7 అండ్ 6తో ఓడించి గెలిచాడు. 1949 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో అతని కారును బస్సు ఢీకొట్టింది. కాళ్లు దెబ్బతిన్న మనిషి వరుసగా రోజుకు 36 హోల్స్ నడవలేడు. అతను స్ట్రోక్ ప్లే టోర్నమెంట్లకు తిరిగొచ్చి గెలిచాడు గానీ, మ్యాచ్ ప్లే ఉన్నన్నాళ్లూ మళ్లీ ఈ టోర్నమెంట్ ఆడలేదు. 1953లో మాస్టర్స్, యూఎస్ ఓపెన్ గెలిచి కార్నూస్టీలో బ్రిటిష్ ఓపెన్‌కు వెళ్లాడు. అక్కడి క్వాలిఫైయింగ్ రౌండ్లూ, మిషిగన్‌లో పీజీఏ చివరి రోజులూ ఒకే సమయంలో పడ్డాయి. రెండూ ఆడడం ఎవరి తరమూ కాదు. ఆ కాలంలో మేటి ఆటగాడే లేని ఛాంపియన్‌షిప్ ఎంత న్యాయమైన పద్ధతిలో జరిగినా విలువ తగ్గుతుంది. 36 హోల్స్ మ్యాచ్‌లే దాని బలం, వాటి పొడవే దాన్ని కూల్చింది. 18కి కుదిస్తే అదృష్టం, 36 ఉంచితే అలసట. ఈ రెంటి మధ్య దారి దొరకలేదు. మార్చడం తప్పనిసరే అయింది, కానీ పోయింది మాత్రం చిన్నది కాదు. హేగన్ ఐదు టైటిళ్లూ మ్యాచ్ ప్లేలో, జాక్ నిక్లాస్ ఐదూ స్ట్రోక్ ప్లేలో. రెండు పద్ధతుల్లోనూ ఈ టోర్నమెంట్ గెలిచినవాడు ఒక్కడూ లేడు. హెబర్ట్ ఇంట్లో మాత్రం రెండూ ఉన్నాయి: తమ్ముడు లయనెల్ మ్యాచ్ ప్లేలో, అన్న జే 1960లో స్ట్రోక్ ప్లేలో.

ఆ పట్టిక చదివేటప్పుడు ఇంకో సంగతి మరవకూడదు. 1961 నవంబరు దాకా పీజీఏ నియమావళిలో సభ్యత్వం తెల్లవారికే అన్న నిబంధన ఉండేది. ఆ కాలంలో మేటి నల్లజాతి ప్రొఫెషనల్స్ ఎవరూ ఈ డ్రాలో కనిపించకపోవడానికి కారణం ఆట కాదు. మేటి ఆటగాడు బాబీ జోన్స్ లేకపోవడానికి కారణం వేరు, అతను అమెచ్యూర్, అంటే డబ్బుకు ఆడనివాడు.

ఇక మీ క్లబ్బు నాకౌట్. 21 మంది అంటే 32 డ్రా, 11 బైలు (ఆడకుండానే తర్వాతి రౌండుకు వెళ్లే చోట్లు). మొదటి రౌండ్లో పది మంది మధ్య ఐదు మ్యాచ్‌లే జరుగుతాయి, రెండో రౌండుకు 16 మంది సరిగ్గా వస్తారు. బైలన్నీ మొదటి రౌండ్లోనే ఇచ్చేయండి. మధ్యలో బై పెడితే సెమీస్ దగ్గర గొడవ తప్పదు. ఒక క్వాలిఫైయింగ్ రౌండ్ ఆడించి, ఆ వరుసలో మొదటి 11 మందికి బై ఇస్తే ఎవరూ నోరెత్తరు. మ్యాచ్‌లు 18 హోల్స్ చాలు. ఫైనల్ ఒక్కటి 36 పెట్టండి, పొద్దున తొందరగా మొదలుపెట్టి మధ్యలో భోజనానికి గంట ఇవ్వండి. ఇద్దరే ఆడతారు కాబట్టి 18 హోల్స్ సాధారణంగా మూడు, మూడున్నర గంటల్లో అయిపోతాయి.

హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని బట్టి అతనికిచ్చే స్ట్రోకుల అంకె) తేడా మొత్తం ఇవ్వండి. 9 హ్యాండిక్యాప్ ఉన్నవాడు, 16 ఉన్నవాడు తలపడితే రెండోవాడికి ఏడు స్ట్రోకులు, స్కోర్‌కార్డులో స్ట్రోక్ ఇండెక్స్ (హోల్స్ కష్టం వరుస) 1 నుంచి 7 వరకున్న హోల్స్‌లో ఒక్కోటి. మొదటి టీ దగ్గరే ఇద్దరూ కార్డు మీద ఆ హోల్స్‌కు చుక్క పెట్టుకోవాలి. క్లబ్ మ్యాచ్‌లలో సగం తగాదాలు పదమూడో హోల్ దగ్గర "నాకిక్కడ స్ట్రోక్ ఉందిగా" అనడంతోనే మొదలవుతాయి.

స్ట్రోక్ ప్లే అలవాటున్నవారు తప్పు చేసేది ఈ నాలుగైదు చోట్ల. వదిలేసిన పట్‌ను వెనక్కి తీసుకోలేరు, అవతలివాడు వద్దనలేడు, సరదాకు కొట్టి తప్పినా అది పడినట్టే లెక్క. అందుకే "బాగుంది" లాంటి మాటలు వద్దు, "వదిలేశాను" అని స్పష్టంగా చెప్పమనండి. వంతు తప్పి ఆడితే పెనాల్టీ లేదు, కానీ ఎదుటివాడు వెంటనే ఆ షాట్‌ను రద్దుచేసి మళ్లీ ఆడమనవచ్చు. గ్రీన్ మీద మీ పట్ వెళ్లి గ్రీన్ మీదే ఉన్న ఎదుటివాడి బంతికి తగిలితే స్ట్రోక్ ప్లేలో రెండు పెనాల్టీ స్ట్రోకులు, మ్యాచ్ ప్లేలో ఏమీ లేదు, కదిలిన బంతిని మాత్రం మళ్లీ దాని చోట పెట్టాలి. వేరే బంతి ఆడితే హోల్ పోతుంది. ఎన్ని స్ట్రోకులయ్యాయని ఎదుటివాడు అడిగితే సరిగ్గా చెప్పాలి. తక్కువ చెప్పి, అతను తర్వాతి షాట్ ఆడేలోపు దిద్దుకోకపోతే ఆ హోల్ పోయినట్టే. సందేహం వస్తే రెండు బంతులు ఆడి తర్వాత కమిటీని అడుగుదామన్న దారి మ్యాచ్ ప్లేలో లేదు. అభ్యంతరాన్ని తర్వాతి హోల్ మొదలయ్యేలోపు చెప్పేయాలి. ఇద్దరూ కలిసి, తెలిసి తెలిసీ ఒక రూల్‌ను పక్కన పెట్టుకుంటే ఇద్దరూ డిస్‌క్వాలిఫై అవుతారు. ఇది ముందే నోటీసులో పెట్టండి.

పట్ ఎప్పుడు వదలాలన్నది రూలు కాదు, తీర్పు. 1932లో కెల్లర్‌లో ఆల్ వాట్రస్ భారీ ఆధిక్యంలో ఉండి, గెలుపు ఖాయమనుకుని బాబీ క్రుక్‌షాంక్‌కు ఒక పట్ వదిలేశాడు. అక్కడి నుంచి మ్యాచ్ తిరగబడి 41వ హోల్‌లో వాట్రస్ ఓడాడు. మీవాళ్లకు చెప్పాల్సింది ఇంతే: ఎదుటివాడు తప్పే అవకాశం ఏమాత్రం ఉన్నా, ఎంత ముందున్నా, వేయమనండి. అందులో అమర్యాద లేదు.

ప్రతి రౌండుకు చివరి తేదీ రాసి బోర్డు మీద పెట్టండి. ఇద్దరి పేర్లలో డ్రాలో పైన ఉన్నవాడు మూడు తేదీలు ప్రతిపాదించాలి, రెండోవాడు ఒకటి ఎంచుకోవాలి. గడువు దాటితే తేదీలు ఇచ్చినవాడిదే మ్యాచ్, ఇద్దరూ కదలకపోతే చీటీ వేసి తేల్చండి. సమానమైతే మొదటి టీ నుంచే అదనపు హోల్స్ ఆడించండి, హ్యాండిక్యాప్ స్ట్రోకులు మొదట పడిన హోల్స్‌లోనే మళ్లీ పడతాయి. చీకటి పడితే ఆ హోల్ ముగించి ఆపి, మర్నాడు తర్వాతి హోల్ నుంచి కొనసాగించాలి, మళ్లీ మొదటి నుంచి కాదు.